రిపోర్టులో ‘పాజిటివ్’ అని ఉంటే క్యాన్సరేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. పదిహేనేళ్ల కిందట రక్తదానం చేయబోతే హెపటైటిస్ బి ఉందని బయటపడింది. నాలుగేళ్ల కిందట సిర్రోసిస్ అన్నారు. అప్పటినుంచి రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఆరు నెలలకోసారి చేసే స్కానింగులో ఈసారి కాలేయంలో 1.8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. సీటీలో ‘అనుమానంగా ఉంది, తేల్చి చెప్పలేం’ అన్నారు. బయాప్సీ చేస్తే మొదటి రిపోర్టులో ‘డిస్‌ప్లాస్టిక్ నాడ్యూలా, క్యాన్సరా తేలాలంటే ఐహెచ్‌సీ చేయాలి’ అని రాశారు. వారానికి ఆ రిపోర్టూ వచ్చింది. హెప్‌పార్-1 పాజిటివ్, ఆర్జినేజ్-1 పాజిటివ్, గ్లిపికాన్-3 నెగెటివ్, హెచ్‌ఎస్‌పీ70 పాజిటివ్, గ్లుటమిన్ సింథటేజ్ డిఫ్యూజ్ స్ట్రాంగ్ పాజిటివ్, సీడీ34 డిఫ్యూజ్ పాజిటివ్. కింద ‘వెల్ డిఫరెన్షియేటెడ్ హెపటోసెల్యులర్ కార్సినోమా’ అని ఉంది. హెప్‌పార్ పాజిటివ్ అంటే లివర్ క్యాన్సర్ కన్ఫర్మ్ అని మా అన్నయ్య ఫోన్లో వెతికి చెబుతున్నాడు. గ్లిపికాన్ నెగెటివ్, రక్తంలో ఏఎఫ్‌పీ నార్మల్, కాబట్టి క్యాన్సర్ కాదని మావయ్య వాదన. ఎవరిది నిజం? ఇన్ని పరీక్షలు ఎందుకు, ఒక్కటి చూసి చెప్పలేరా? మళ్లీ బయాప్సీ చేయించాలా? సూది గుచ్చితే పాకుతుందని అందరూ భయపెడుతున్నారు. పిన్ని పసరు మందు ఇప్పిద్దామంటోంది. నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన రోజుకు మూడు కాఫీలు తాగుతారు, అవి మానిపించాలా? నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, మీరు వివరంగా రాసినా అర్థం చేసుకోగలను.
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. నేను స్లైడ్లు చూడలేదు, మీరు రాసి పంపిన రిపోర్టే చూశాను. దాన్నిబట్టి, ఇది చాలా తొలిదశలో ఉన్న కాలేయ క్యాన్సర్ అని ఆ పాథాలజిస్టు, అంటే ముక్కను మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసిన డాక్టర్, రాయడానికి తగిన ఆధారం ఉంది. మీ అన్నయ్యకు జవాబు సరిగ్గా వచ్చింది గానీ లెక్క తప్పు చేశాడు. మీ క్లాసులో అయితే స్టెప్పులకు మార్కులు పడవు. మావయ్యగారు పట్టుకున్న రెండు అంకెలూ నిజమే, వాటినుంచి ఆయన తేల్చిందే తప్పు.

ఇద్దరూ పడ్డ గుంట ఒక్కటే, ‘పాజిటివ్’ అనే మాట. కరోనా రోజులనుంచి మనకు పాజిటివ్ అంటే రోగం ఉన్నట్టు, నెగెటివ్ అంటే గండం గడిచినట్టు అని అలవాటైపోయింది. ఐహెచ్‌సీలో, అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ఈ రంగుల పరీక్షలో, ఆ లెక్క నడవదు. అక్కడ పాజిటివ్ అంటే ‘రంగు పట్టింది’ అని, అంతే. ఏ రంగు, ఎక్కడ పట్టింది, ఏ తీరున పట్టింది, దానితోపాటు ఇంకేవి పట్టాయి అన్నవి తెలిస్తే తప్ప ఆ మాటకు అర్థం లేదు.

ఈ రంగు సంగతేమిటో చూద్దాం. సూదితో తీసిన ముక్క సేమియా పోగంత ఉంటుంది. దాన్ని ఫార్మలిన్‌లో ఊరబెట్టి, అందులోని నీరంతా తీసేసి, మైనంలో పోసి చిన్న దిమ్మలా చేస్తారు. దీన్నే మేం బ్లాక్ అంటాం. ఆ దిమ్మను మూడు నాలుగు మైక్రాన్ల మందంలో పొరలుగా కోస్తారు. దాని ముందు ఉల్లిపొర దుప్పటిలా ఉంటుంది. ఆ పొరలను గాజు పలకల మీద పరిచి మామూలు రంగులు వేస్తే కణాల కేంద్రకాలు నీలంగా, మిగతా భాగం గులాబీగా కనిపిస్తాయి. మీ నాన్నగారి మొదటి రిపోర్టు అలా చూసి రాసిందే. ఐహెచ్‌సీలో రంగుకు బదులు యాంటీబాడీ వేస్తారు. అది తనకు సరిపడే ప్రోటీను ఉన్న చోటే అతుక్కుంటుంది. దానికి తగిలించిన ఎంజైము సాయంతో ఆ చోట కాఫీ మరకలాంటి గోధుమరంగు తేలుతుంది. మరక పడితే ఆ ప్రోటీను అక్కడ ఉన్నట్టు.

మొదటి స్లైడు చూసే చెప్పేయొచ్చు కదా అంటారేమో. గడ్డ ముదిరితే చెప్పేయొచ్చు, ఐహెచ్‌సీ అక్కర్లేకుండానే పోల్చేస్తాం. చిక్కంతా మీ నాన్నగారికి వచ్చినలాంటి గడ్డలతోనే. సిర్రోసిస్ వచ్చిన కాలేయం నిండా ముడులే ఉంటాయి. వాటిలో కొన్ని కొంచెం కొంచెంగా స్వభావం మార్చుకుంటూ డిస్‌ప్లాస్టిక్ నాడ్యూల్స్ అవుతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ అవుతాయి. చెట్టున మామిడికాయ ఏ రోజుదాకా కాయ, ఏ రోజునుంచి పండు అంటే ఏం చెబుతాం? ఇదీ అలాంటిదే. బాగా డిఫరెన్షియేట్ అయిన క్యాన్సర్ అంటే పక్కనున్న మామూలు కాలేయ కణాన్ని అచ్చుగుద్దినట్టు ఉండేదని అర్థం. డిస్‌ప్లాస్టిక్ నాడ్యూల్‌కూ ఇలాంటి క్యాన్సర్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న దానిమీద వివిధ దేశాల పాథాలజిస్టులు చర్చించుకుని 2009లో ఒక ఏకాభిప్రాయ పత్రం వెలువరించారు. కణాలు చుట్టూ ఉన్న పీచు కణజాలంలోకి చొచ్చుకుపోతున్నాయా అన్నదే ముఖ్యమైన గుర్తు అన్నారు. మాట బాగానే ఉంది. గడ్డను మొత్తం కోసి తీస్తే అది కనిపిస్తుంది. సేమియా పోగులో ఆ అంచు దొరకాలంటే అదృష్టం కలిసిరావాలి. దొరకనప్పుడు ఐహెచ్‌సీ మీద ఆధారపడతాం.

ఇప్పుడు మీ అన్నయ్య లెక్క. హెప్‌పార్-1, ఆర్జినేజ్-1 రెండూ ‘ఇది కాలేయ కణమేనా’ అని అడిగే పరీక్షలు. శరీరంలో తయారయ్యే అమ్మోనియాను యూరియాగా మార్చడం కాలేయం పని. ఆ పనికి కావలసిన ఎంజైములనే ఈ రెండు యాంటీబాడీలూ పట్టుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మీ కాలేయంలోంచో నా కాలేయంలోంచో ముక్క తీసి పరీక్షించినా రెండూ పాజిటివే వస్తాయి. కణం ఇంటిపేరు చెబుతాయి గానీ నడవడిక చెప్పవు. మరి ఎందుకు చేశారంటే, పెద్దపేగులోనో క్లోమంలోనో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకినా స్కానింగులో గడ్డలానే కనిపిస్తుంది. అలాంటివాటికి సాధారణంగా ఈ రంగులు పట్టవు. బయటినుంచి వచ్చింది కాదు, కాలేయ కణాలదే అని నిర్ధారించుకోవడానికే ఈ రెండూ. అంతకుమించి వాటినుంచి ఏమీ రాబట్టకూడదు. ఫోన్లో వెతికితే ‘హెప్‌పార్, లివర్ క్యాన్సర్ మార్కర్’ అని వస్తుంది, అది అబద్ధమూ కాదు. కాకపోతే ఏ ప్రశ్నకు అది జవాబో అక్కడ రాసి ఉండదు.

మంచి కణమా, చెడిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవి మిగతావి. వాటిలో ముఖ్యమైనవి మూడు: గ్లిపికాన్-3, హెచ్‌ఎస్‌పీ70, గ్లుటమిన్ సింథటేజ్.

గ్లిపికాన్-3 తల్లి కడుపులో ఉన్న బిడ్డ కాలేయంలో ఉంటుంది. పుట్టాక ఆ ప్రోటీను తయారీ ఆగిపోతుంది, పెద్దవాళ్ల ఆరోగ్యకరమైన కాలేయంలో కనిపించదు. క్యాన్సర్ వచ్చిన కణాలు చాలాసార్లు దాన్ని మళ్లీ మొదలుపెడతాయి. అందుకే మంచి గుర్తు అన్నారు. కానీ పూర్తిగా నమ్మదగిన సాక్షి కాదు. హెపటైటిస్ జోరుగా ఉండి కాలేయం తనను తాను బాగుచేసుకుంటున్నప్పుడు క్యాన్సర్ లేకపోయినా అక్కడక్కడా రంగు పట్టొచ్చు. మరోవైపు, చిన్నవైన, బాగా డిఫరెన్షియేట్ అయిన క్యాన్సర్లలోనే ఇది ఎక్కువగా చేతులెత్తేస్తుంది. ముదిరిన గడ్డలో బ్రహ్మాండంగా పడుతుంది, తీరా మనకు అవసరమైన చోట మొండికేస్తుంది. పైగా ఒకే గడ్డలో ఒక మూల పట్టి ఇంకో మూల పట్టకపోవడమూ మామూలే. కాబట్టి 1.8 సెంటీమీటర్ల గడ్డలో సూది ముక్క మీద గ్లిపికాన్ నెగెటివ్ వస్తే నేను ఆశ్చర్యపోను, ఊపిరీ పీల్చుకోను.

హెచ్‌ఎస్‌పీ70 కణం ఒత్తిడిలో ఉన్నప్పుడు తనను కాపాడుకోవడానికి వాడే ప్రోటీను. క్యాన్సర్ తొలిదశలోనే ఇది పెరుగుతుంది. కేంద్రకంలోనూ, చుట్టూ ఉన్న పదార్థంలోనూ గోధుమరంగు కనిపించాలి. మీ నాన్నగారికి కనిపించింది.

మూడోది గ్లుటమిన్ సింథటేజ్. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైన రంగు ఇదే, కొంచెం ఎక్కువ చెప్పినా ఏమనుకోకండి. కాలేయంలో రక్తం ఒక వైపునుంచి వచ్చి, కణాల వరుసల మధ్యగా పారి, మధ్య సిరలోకి చేరుతుంది. దారిలోని కణాలు అమ్మోనియాను యూరియాగా మార్చుకుంటూ పోతాయి. ఎంతో కొంత మిగిలిపోతుంది కదా, దాన్ని సిర గుమ్మం దగ్గరున్న ఒకటి రెండు వరుసల కణాలు పట్టుకుని గ్లుటమిన్‌గా మార్చేస్తాయి. ఆఖరి చెక్‌పోస్టు అన్నమాట. గ్లుటమిన్ సింథటేజ్ అక్కడి కణాల్లోనే ఉంటుంది. అందుకే మామూలు కాలేయంలో ఈ రంగు వేస్తే నీలం మైదానంలో సిరల చుట్టూ గోధుమరంగు గాజులు తొడిగినట్టు ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. బీటా కెటెనిన్ అనే ప్రోటీనులో మార్పు వచ్చినప్పుడు, లేదా ఇతర కారణాలవల్ల, క్యాన్సర్‌లో ఆ హద్దు చెరిగిపోతుంది. గుమ్మం దగ్గరివాళ్లే కాదు, ఊళ్లో అందరూ ఆ పనిలోకి దిగిపోతారు. అప్పుడు గాజులు ఉండవు, ముక్కంతా ఒకే ముదురు గోధుమరంగు. రిపోర్టులో ‘డిఫ్యూజ్ స్ట్రాంగ్’ అని రాసింది దీన్నే.

నేను పీజీ చేసే రోజుల్లో ఒక బయాప్సీ చూసి ‘గ్లుటమిన్ సింథటేజ్ పాజిటివ్’ అని రాసుకుని మా ప్రొఫెసర్ గారి ముందు పెట్టాను. ఆయన స్లైడు ముట్టుకోలేదు. “ఎక్కడ?” అని ఒక్క మాట అడిగారు. మళ్లీ వెళ్లి చూస్తే ఆ ముక్కలో ఒక సిర ఉంది, దాని చుట్టూ గాజు ఉంది. మామూలు కాలేయమే. రంగు ఉంది కదా అని పాజిటివ్ రాసేశాను. ఆ రిపోర్టు బయటికి వెళ్లలేదు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఈ రంగు గురించి ఎవరైనా పాజిటివ్ అంటే నా నోటినుంచి అదే మాట వస్తుంది. మీరు డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్నా అదే. మీ రిపోర్టులో డిఫ్యూజ్ అని స్పష్టంగా రాశారు, రాసినవాళ్లకు పని తెలుసనిపించింది.

ఇంకో తీరు కూడా ఉంది. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే హానిలేని గడ్డలో ఈ రంగు మ్యాపులో దేశాల్లా పెద్ద పెద్ద మచ్చలుగా, ఒకదానితో ఒకటి కలుస్తూ పడుతుంది. హెపటిక్ ఎడినోమా అనే మరో రకం గడ్డకు వేరే రంగుల జాబితా ఉంది. గర్భనిరోధక మాత్రలు వాడిన ఆడవాళ్లలో, ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో ఎక్కువగా వచ్చేది అది. అక్కడ గ్లుటమిన్ సింథటేజ్ డిఫ్యూజ్‌గా పట్టినంత మాత్రాన క్యాన్సర్ అనేయలేం. హెపటైటిస్ బి, సిర్రోసిస్ ఉన్న 61 ఏళ్ల మగమనిషి విషయంలో ఈ రెండింటి గోల మనకు అక్కర్లేదు. ఇది ఎందుకు చెప్పానంటే, అవే రంగులు, అవే ఫలితాలు వేరే మనిషిలో వేరే అర్థం ఇస్తాయి. రిపోర్టు మాత్రమే ఫొటో తీసి వాట్సాప్‌లో నలుగురు డాక్టర్లకు పంపితే నాలుగు మాటలు వినిపించేది ఇందుకే.

ఇప్పుడు మీకు నచ్చే లెక్క. ఇటలీకి చెందిన పరిశోధకులు 2007లో ఈ మూడు రంగులనూ కలిపి 105 కాలేయ గడ్డల మీద పరీక్షించారు. ఏవైనా సరే, మూడింటిలో కనీసం రెండు పాజిటివ్ అయితే దాన్ని క్యాన్సర్‌గా లెక్కపెట్టారు. తొలిదశ, బాగా డిఫరెన్షియేట్ అయిన క్యాన్సర్లలో ఈ సూత్రం 72 శాతాన్ని పట్టుకుంది. క్యాన్సర్ కాని గడ్డల్లో ఒక్కదాన్ని కూడా పొరపాటున క్యాన్సర్ అనలేదు, అంటే స్పెసిఫిసిటీ 100 శాతం. ఒక అధ్యయనంలో వచ్చిన 100 శాతాన్ని దేవుడి మాటలా తీసుకోనక్కర్లేదు గానీ, తర్వాత బయాప్సీల మీద చేసిన పరిశోధనలూ ఇదే దారిలో నడిచాయి, యూరప్ కాలేయ నిపుణుల సంఘం మార్గదర్శకాల్లోనూ ఈ మూడు రంగుల సూత్రం ఉంది. మీ నాన్నగారికి గ్లిపికాన్ పోయినా హెచ్‌ఎస్‌పీ70, గ్లుటమిన్ సింథటేజ్ రెండూ ఉన్నాయి. మూడింట రెండు. పాథాలజిస్టు అడుగు వేసింది ఇక్కడే.

ఈ సూత్రాన్ని వెనక్కి తిప్పితే మాత్రం పనిచేయదు. ‘రెండు పాజిటివ్ అయితే క్యాన్సర్’ నిజమైనంత మాత్రాన ‘రెండు రాకపోతే క్యాన్సర్ కాదు’ నిజం కాదు. 72 పట్టుకుంది అంటే 28 జారిపోయాయి. సూది ముక్క మీద ఇంకా ఎక్కువ జారిపోతాయి. పిల్లలకు మీరు ఏటా చెప్పే పాఠమే ఇది. మావయ్యగారు ఒక నెగెటివ్ చూపించి లేదంటున్నారు, నిజానికి మూడూ నెగెటివ్ వచ్చినా అలా అనడానికి లేదు. అప్పుడు దగ్గర దగ్గరగా స్కానింగులు చేస్తూ కనిపెట్టుకుని ఉండమనో, గడ్డ పెరిగితే మళ్లీ బయాప్సీ చేద్దామనో చెప్పేవాళ్లం.

ఏఎఫ్‌పీ మాట కూడా ఇలాంటిదే. అది కాలేయ క్యాన్సర్‌లో పెరిగే ఒక ప్రోటీను కోసం చేసే రక్తపరీక్ష. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చాలామందిలో అది పెరగదు. ఇంకొందరికి క్యాన్సర్ లేకుండా హెపటైటిస్ విజృంభించినా పెరుగుతుంది. బాగా పెరిగితే పనికొచ్చే సమాచారమే, నార్మల్‌గా ఉందంటే మాత్రం ధైర్యం తెచ్చుకోవడానికి సరిపోదు. పోనీ స్లైడు మీదే ఏఎఫ్‌పీకి రంగు వేయొచ్చు కదా అంటే వేయొచ్చు, బాగా డిఫరెన్షియేట్ అయిన క్యాన్సర్లలో అది పట్టేదే తక్కువ.

సీడీ34 రక్తనాళాల లోపలి పొరకు పట్టే రంగు. కాలేయ కణాల మధ్య ఉండే సన్నని రక్తపు దారులు మామూలుగా దీన్ని పట్టించుకోవు, క్యాన్సర్‌లో ఆ దారులు మామూలు రక్తనాళాల్లా మారిపోయి రంగు పడుతుంది. హానిలేని కొన్ని గడ్డల్లోనూ పట్టొచ్చు కాబట్టి ఇది పక్కవాయిద్యమే.

రెటిక్యులిన్ ఫలితం మీ ఉత్తరంలో లేదు. ఐహెచ్‌సీ కాదు, పాతకాలపు వెండి రంగు, ఖర్చూ తక్కువే. సన్నని పీచు నల్లగా కనిపిస్తుంది. మంచి కాలేయంలో ఒకటి రెండు కణాల వెడల్పున్న వరుసలకు అటూ ఇటూ ఆ నల్లగీతలు వరిచేలో గట్లలా ఉంటాయి. క్యాన్సర్‌లో వరుసలు లావెక్కి గట్లు చెదిరిపోతాయి. రిపోర్టులో దాని గురించి ఒక వాక్యం ఉండే ఉంటుంది, చూడండి. లేకపోతే అడగండి. ఖరీదైన యాంటీబాడీల వరస చూసి మురిసిపోయి ఈ ముసలి రంగును మర్చిపోయే ల్యాబుల మీద నాకు కోపం. అయితే కొవ్వు పట్టిన కాలేయంలో క్యాన్సర్ లేకపోయినా గట్లు చెదిరినట్టు కనిపిస్తాయి, దీన్నీ ఒంటరిగా నమ్మకూడదు.

మళ్లీ బయాప్సీ అక్కర్లేదనే నా అభిప్రాయం. సందేహం తీరకపోతే మళ్లీ గుచ్చాల్సిన పని లేదు, ఉన్న ముక్కనే ఇంకొకరికి చూపించొచ్చు. ల్యాబుకి వెళ్లి రంగు వేసిన స్లైడ్లన్నీ, పారాఫిన్ బ్లాకూ ఇవ్వమని అడగండి. రాతపూర్వకంగా ఇస్తే ఇస్తారు, వెనక్కి తెచ్చివ్వమని సంతకం పెట్టించుకుంటారు. కాలేయం స్లైడ్లు రోజూ చూసే పెద్దాసుపత్రి పాథాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. వెంట సీటీ రిపోర్టు కాగితం మాత్రమే కాదు, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా ఉండాలి. అన్నట్టు, ఆ బ్లాక్ మైనం. ఎండాకాలం మధ్యాహ్నం పార్కింగులో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే కరిగిపోగలదు. స్లైడ్లను గుడ్డలో చుట్టి చేతిసంచిలో వేసుకొచ్చి, తీస్తే సగం పలకలు పగిలి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ల్యాబులో ప్లాస్టిక్ స్లైడు పెట్టె అడిగి తీసుకోండి.

సూది గుచ్చితే పాకుతుందన్న భయం గాలిలోంచి పుట్టింది కాదు. సూది దారిలో క్యాన్సర్ కణాలు పడి మొలకెత్తడం జరుగుతుంది, పాత అధ్యయనాలు కలిపి చూస్తే సుమారు 2.7 శాతం మందిలో కనిపించింది. అందుకే సిర్రోసిస్ ఉన్నవాళ్లకు స్కానింగులోనే స్పష్టంగా తేలితే బయాప్సీ చేయరు. కాలేయం తనకు కావలసిన రక్తంలో ఎక్కువ భాగం పేగులనుంచి వచ్చే పోర్టల్ సిరనుంచి తీసుకుంటుంది, క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని రక్తం మీద బతుకుతుంది. అందుకే సీటీ కోసం రక్తంలోకి ఎక్కించే మందు ధమనిలో ఉన్నప్పుడు గడ్డ వెలిగి, తర్వాతి దశల్లో చుట్టూ ఉన్న కాలేయం కన్నా వెలవెలబోతుంది. సిర్రోసిస్ కాలేయంలో ఈ రెండూ కనిపిస్తే చాలావరకు అక్కడితో తేలిపోతుంది. రెండు సెంటీమీటర్లలోపు గడ్డల్లో ఆ బొమ్మ అంత బాగా పడకపోవచ్చు. మీ నాన్నగారికి అదే జరిగి ఉంటుంది. బయాప్సీ చేయడం సరైన నిర్ణయమే, చేసిందానికి ఇప్పుడు బెంగ పెట్టుకోకండి.

ఇక చికిత్స. అది నా కుర్చీ కాదు, కాలేయ నిపుణుడు, సర్జన్, రేడియాలజిస్టు కూర్చుని తేల్చాల్సింది. అయినా ఒక మాట. ఒకే గడ్డ, రెండు సెంటీమీటర్లలోపు, కాలేయం పనితీరు బాగుంటే దాన్ని అతి తొలిదశ అంటారు. సూదితోనే వేడి పంపి గడ్డను కాల్చేయడం, లేదా ఆ భాగాన్ని కోసి తీసేయడం, కొందరికి కాలేయ మార్పిడి. మూడూ పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతో చేసేవే. ఈ దశలో చికిత్స అందినవాళ్లలో సగానికి పైగా ఐదేళ్లు దాటి జీవిస్తారు. మార్పిడి దాకా వెళితే తెలంగాణలోనూ ఆంధ్రలోనూ జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం ద్వారా పేరు నమోదు చేసుకునే పద్ధతి ఉంది. సిర్రోసిస్ అలాగే ఉంటుంది కాబట్టి ఇంకోచోట కొత్త గడ్డ పుట్టే అవకాశం మిగిలే ఉంటుంది, స్కానింగులు మానకూడదు. హెపటైటిస్ మాత్ర ఒక్కరోజు కూడా ఆపకండి. ఆరు నెలలకోసారి తప్పకుండా స్కానింగ్ చేయించిన మీ ఇంటివాళ్లకు నేను నమస్కారం పెట్టాలి. ఆ అలవాటు లేకపోతే ఈ గడ్డ ఆరు సెంటీమీటర్లయ్యాక నా బల్ల మీదికి వచ్చేది.

పసరు మందు వద్దు. ఆకుపసర్లలో ఏముందో ఇచ్చేవాళ్లకే తెలియదు. సిర్రోసిస్ ఉన్న కాలేయానికి అది పెద్ద దెబ్బ కావొచ్చు. నయం చేయగలిగిన గడ్డ చేతిలో ఉండగా మూడు నెలలు పసరుకు వదిలేయడం అంతకన్నా పెద్ద నష్టం. పిన్నిగారితో మీరే గట్టిగా చెప్పండి, డాక్టర్ మీద తోసేయకండి.

నాన్నగారికి చెప్పండి. నాలుగేళ్లుగా మాత్రలు, స్కానింగులు చూస్తున్న మనిషి, మీరంతా గుసగుసలాడుతుంటే ఆయనకు తెలియదనుకోవద్దు. నివేదికలోని మాటలన్నీ అక్కర్లేదు. చిన్న గడ్డ, క్యాన్సర్ మొదట్లోనే దొరికింది, తీసేసే వీలుంది అని చెప్పి, తర్వాతి అపాయింట్‌మెంటుకు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లండి. ఆయన అడిగే ప్రశ్నలు మీవాటికంటే సూటిగా ఉంటాయి చూడండి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. మీరు, అన్నయ్య, అమ్మగారు ఎప్పుడైనా హెపటైటిస్ బి పరీక్ష చేయించుకున్నారా? మన దేశంలో ఈ వైరస్ పుట్టుకలోనూ, చిన్నతనంలో ఇంట్లోవాళ్ల ద్వారానూ సోకడం చాలా ఎక్కువ. హెచ్‌బీఎస్ఏజీ అనే రక్తపరీక్ష చిన్న ల్యాబుల్లో కూడా చేస్తారు. లేదని తేలితే టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, మొదటి డోసునుంచి ఆరు నెలలకు మూడోది. ఉందని తేలితే మీకూ ఆరు నెలల స్కానింగులు అవసరమో లేదో డాక్టర్ చెబుతారు. ఈ వారంలో చేయించుకోండి, మీ పిల్లలకు టీకా కార్డులు కూడా తీసి చూడండి.

కాఫీ మానిపించకండి. కాఫీ తాగేవాళ్లలో కాలేయ క్యాన్సర్, సిర్రోసిస్ ముదరడం తక్కువగా కనిపిస్తోందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. షుగర్ ఉంటే మాత్రం పంచదార తగ్గించి ఇవ్వండి.